స్క్వాట్ స్టాండ్ కొనేముందు: లేవలేకపోతే బార్ ఎక్కడ ఆగుతుంది?

స్క్వాట్ అంటే ప్లేట్లు ఎక్కించిన బార్‌ని భుజాల మీద పెట్టుకుని కిందకి కూర్చుని లేవడం, ఆ బార్‌ని మోసి ఉంచేది స్క్వాట్ స్టాండ్. దాన్ని కొనాలనుకున్నవాళ్లు మొదట చూసేది అది ఎంత బరువు మోస్తుందనే. మూడొందల కిలోలు అని రాసి ఉంటే, మనం ఎత్తేది ఎనభై కిలోలే కదా, ఇంకేం కావాలి అనుకుని కొనేస్తాం. నేనూ అలాగే కొన్నాను. ఆ అంకె అబద్ధమేమీ కాదు, కాకపోతే దానివల్ల మనకు తెలిసేది చాలా తక్కువ. ఇనుప పైపుని నిలువుగా నిలబెట్టి దాని నెత్తిన మెల్లగా బరువు పెడితే ఎంతైనా మోస్తుంది. స్టాండ్ మంచిదో కాదో తెలిసేది ఐదో రెప్‌లో, అంటే ఐదోసారి, కిందకి వెళ్లి పైకి రాలేక, చుట్టూ ఎవరూ లేక, వీపు మీద వంద కిలోలతో ఇరుక్కున్నప్పుడు. ఆ క్షణంలో బార్ ఎక్కడికి పోతుంది, ఏది దాన్ని ఆపుతుంది? కొనేటప్పుడు ప్రతి భాగాన్నీ ఈ ప్రశ్నతోనే చూడండి, సగం మోడళ్లు వాటంతటవే పక్కకి పోతాయి.

స్టాండ్ లేకుండా స్క్వాట్ చేసినవాళ్లు లేకపోలేదు. 1920ల్లో హెన్రీ స్టైన్‌బోర్న్ అనే జర్మన్ వస్తాదు నేల మీది బార్‌ని ఒక కొన మీద నిలువుగా లేపి, దాని పక్కన వంగి కూర్చుని, మెల్లగా భుజాల మీదకి వాల్చుకుని అక్కడి నుంచే స్క్వాట్ చేసేవాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది కానీ మీరు ఇంట్లో ప్రయత్నించొద్దు, స్టాండే కొనండి.

మొదటి పని: టేపు, కర్ర, పక్కన ఒక మనిషి

ఏ మోడల్ బాగుంటుందని వెతకడం తర్వాత. ముందు కొలతల టేపు, చీపురు కర్ర లాంటి తిన్నని కర్ర, కొలిచిపెట్టడానికి ఇంకో మనిషి కావాలి. మీరు స్క్వాట్ చేసేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకోండి. కర్రని బార్ పెట్టుకునే చోటే, అంటే మెడ ఎముక మీద కాకుండా దాని కింద భుజాల కండ మీద పెట్టుకుని నిటారుగా నిలబడి, నేల నుంచి కర్ర దాకా ఎంతుందో కొలిపించండి. తర్వాత మీరు మామూలుగా ఎంత కిందకి వెళ్తారో అంత వెళ్లి అక్కడే ఆగండి, ఫొటో కోసం అన్నట్టు కాకుండా నిజంగా వెళ్లేంతే. మళ్లీ నేల నుంచి కర్ర దాకా కొలత. బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీ దగ్గర నుంచి పైకి నెట్టడం) కూడా ఈ స్టాండ్ మీదే చేస్తారనుకుంటే ఇంకో రెండు కొలతలు తీసుకోండి: బెంచ్ మీద పడుకుని కర్రని ఛాతీకి ఆనించినప్పుడు దాని ఎత్తు, అలాగే పడుకుని ఉన్నప్పుడు మీ గొంతు ఎత్తు.

నావి చెప్తాను, లెక్క అర్థమవుతుంది. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. నిలబడితే కర్ర 140 దగ్గర ఉంది, కిందకి వెళ్తే 87 దగ్గరకి వచ్చింది. బెంచ్ మీద ఛాతీ 67, గొంతు 57. బార్‌ని పెట్టుకునే హుక్స్ ఎప్పుడూ భుజాల కన్నా ఎనిమిది పది సెంటీమీటర్లు కింద ఉండాలి, అంటే నాకు 130 నుంచి 132 దాకా. అప్పుడే మోకాళ్లు కొంచెం వంచి బార్ కిందకి దూరి, నిటారుగా లేస్తే బార్ హుక్ నుంచి పైకి వస్తుంది. మునివేళ్ల మీద లేస్తే గానీ బార్ రాలేదంటే హుక్ ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఇది మొదటి రెప్‌కి పెద్ద ఇబ్బందిగా అనిపించదు, కానీ ఆఖరి రెప్ అయ్యాక వణుకుతున్న కాళ్లతో మునివేళ్ల మీద లేచి బార్‌ని తిరిగి పెట్టాలి చూడండి, అప్పుడు తెలుస్తుంది. హుక్స్ తగిలించడానికి స్టాండ్ నిలువు పైపుల్లో, అంటే పోస్టుల్లో, వరసగా కన్నాలుంటాయి. రెండు కన్నాల మధ్య సందేహం వస్తే కింది కన్నమే ఎంచుకోండి.

సేఫ్టీ ఆర్మ్స్ అంటే మీరు లేవలేకపోతే బార్‌ని ఆపే పైపులు, వాటి ఎత్తు కింది కొలతని బట్టి. మీరు కిందకి వెళ్లినప్పుడు బార్ ఉండే చోటుకి మూడు నాలుగు సెంటీమీటర్లు కింద, అంటే నాకు 83 దగ్గర. మామూలు రెప్‌లో తగలకూడదు, లేవలేకపోతే ఇంకొంచెం కూర్చుంటే చాలు, బార్ దాని మీద ఆగిపోవాలి.

ఈ అంకెలన్నీ ఫోన్‌లో దాచుకోండి. ఏ స్టాండ్ చూసినా హుక్స్ ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు దాకా, సేఫ్టీ ఆర్మ్స్ ఎంత కిందకి దిగుతాయి అని అడిగి వీటితో పోల్చండి. కొన్ని స్టాండ్లలో సేఫ్టీ 95 సెంటీమీటర్ల కన్నా కిందకి దిగదు. నా ఎత్తువాడికి అది అక్కరకురాదు, సగం స్క్వాట్‌లోనే బార్ దాని మీద కూర్చుంటుంది.

గదినీ బార్‌నీ కూడా కొలవండి

వెయిట్‌లిఫ్టింగ్‌లో మగవాళ్ల పోటీ బార్ పొడవు 220 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు. ఆడవాళ్లది 201 సెంటీమీటర్లు, 15 కిలోలు. స్టాండ్ ఎంత చిన్నదైనా బార్ మాత్రం గదిలో ఇంత చోటు తీసుకుంటుంది. అది గోడకి గోడకి సరిపోయినంత మాత్రాన చాలదు, ప్లేట్ ఎక్కించడానికి కొనల దగ్గర మీరు నిలబడాలి కదా, పక్కకి కనీసం అర మీటరు వదలండి. అంటే మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు. లోతు రెండు రెండున్నర మీటర్లుంటే ఇబ్బంది లేదు.

పైకప్పు సంగతి చాలామంది మర్చిపోతారు. స్టాండ్ గదిలో పట్టిందా అనే చూస్తారు తప్ప, నిలబడి బార్‌ని తలపైకి ఎత్తితే ఏమవుతుందో చూడరు. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి చేతులు చాపినప్పుడు బార్ ఉన్న ఎత్తుకి ఇంకో 22న్నర కలుపుకోవాలి. నాకైతే 230 దాటింది. నెత్తి మీద ఫ్యాన్ ఉంటే మరీ జాగ్రత్త.

బార్ మీ దగ్గర ముందే ఉంటే, ప్లేట్లు ఎక్కించే లావు భాగం మొదలయ్యే చోట కాలర్లు ఉంటాయి చూడండి, ఆ రెండు కాలర్ల మధ్య దూరం కొలవండి. పోటీ బార్లకి అది 131 సెంటీమీటర్లు. సన్న కొనలుండే పొట్టి బార్లకి ఇంకా తక్కువ. స్టాండ్ బయటి వెడల్పు ఈ దూరం కన్నా ఎక్కువైతే బార్ హుక్స్ మీద కూర్చోనే కూర్చోదు. బార్, స్టాండ్ వేరువేరుగా కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, సామాను ఇంటికొచ్చాక గానీ తెలియదు.

ఏ రకం

క్లుప్తంగా చెప్తాను. రెండు విడి స్టాండ్లు: కుడిదొకటి ఎడమదొకటి, మధ్యలో ఏమీ కలపదు, ఎక్కడికైనా జరుపుకోవచ్చు. కలిపిన స్క్వాట్ స్టాండ్: రెండు పోస్టులు, కింద అడ్డంగా ఒక పైపు, ముందుకీ వెనక్కీ కాళ్లు. హాఫ్ ర్యాక్: వెనకాల ఇంకో జత పోస్టులుంటాయి, ప్లేట్లు అక్కడే తగిలించుకోవచ్చు, ఆ ప్లేట్ల బరువే స్టాండ్‌ని కదలకుండా పట్టుకుంటుంది. పవర్ ర్యాక్: నాలుగు పోస్టుల పంజరం, మీరు లోపల నిలబడి చేస్తారు. గోడకి బిగించి మడతపెట్టేవి కూడా ఉన్నాయి, గోడ గట్టిదైతే ఇరుకు గదికి అవే మేలు.

ఒంటరిగా చేసేవాళ్లకి, చోటు ఉంటే, పవర్ ర్యాక్ అన్నిటికన్నా భద్రం, ఇందులో వాదన లేదు. చోటు లేకపోతే కలిపిన స్టాండ్, సేఫ్టీ ఆర్మ్స్‌తో. విడి స్టాండ్లు వద్దు. ఎందుకో నా కథ చెప్తాను.

నా మొదటివి విడి స్టాండ్లే. ప్రతిసారీ వాటిని సమానంగా సర్దుకోవడం, ఒకటి కొంచెం వెనక్కి జరిగితే కాలితో తోసుకోవడం, ఇదంతా అలవాటైపోయింది. ఒకరోజు సాయంత్రం బరువైన సెట్, అంటే వరసగా చేసే రెప్‌లు, ముగించి ముందుకి నడిచి బార్‌ని పెట్టాను. ఎడమ పక్క టంగుమంది, హుక్‌లో పడింది. కుడి పక్క పడలేదు. పడిందనుకుని నేను కిందకి వంగేశాను. బార్ కుడికి వాలింది, నా వీపు మీద నుంచి జారుతూనే ఆ పక్క ప్లేట్లు ఒక్కొక్కటీ ఊడి నేల మీద దొర్లాయి, అవి ఊడగానే ఎడమ పక్క బరువెక్కువై బార్ గుండ్రంగా తిరిగి ఎడమ స్టాండ్‌ని కూడా లాక్కుని పడింది. మొత్తం రెండు సెకన్లు కూడా పట్టలేదు. నేను మధ్యలోంచి ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. రెండు టైల్స్ పగిలాయి, ఒక హుక్ వంగింది. రెండు స్టాండ్లనీ కింద ఒక పైపు కలిపి ఉంటే, ముందు సేఫ్టీలు ఉంటే, కుడి పక్క సేఫ్టీ మీద ఆగేది, నేను తిట్టుకుంటూ బయటికి వచ్చేవాణ్ణి, అంతే.

వెడల్పు మీద ఇంకొంచెం సేపు ఆగండి

రెండు హుక్స్ మధ్య దూరం ఎంత ఉండాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. పోటీ బార్‌కి సరిపోయేలా చేసిన స్టాండ్లు బయటి కొలత దాదాపు 120 సెంటీమీటర్లు ఉంటాయి. 131 సెంటీమీటర్ల మధ్య భాగంలో అవి కూర్చుంటే అటూ ఇటూ ఐదారు సెంటీమీటర్లు మిగులుతాయి. ఇది బాగుంటుంది: చేతులు రెండు పోస్టుల లోపలే హాయిగా ఉంటాయి, ప్లేట్లు పోస్టుకి గీసుకోవు. చవక రకాల్లో, ముఖ్యంగా వెడల్పు మార్చుకునే వాటిలో, హుక్స్ మధ్య 80 సెంటీమీటర్లే ఉంటుంది. అప్పుడు రెండు తలనొప్పులు.

ఒకటి వేళ్లు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో బెంచ్ ప్రెస్‌కి చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల దాకా పట్టుకోవచ్చు, చాలామంది దానికి దగ్గరగానే పట్టుకుంటారు. సరిగ్గా అక్కడే హుక్ ఉంటే బార్‌ని వెనక్కి పెట్టేటప్పుడు వేళ్లు దానికీ బార్‌కీ మధ్య నలుగుతాయి.

రెండోది అంతకన్నా ముఖ్యం. ప్లేట్లు తీసేటప్పుడు బార్ తిరగబడడం. మీరు ఒక పక్క ప్లేట్లన్నీ తీసేసి రెండో పక్కకి నడుస్తున్నారనుకోండి. ఖాళీ అయిన పక్క పైకి లేవాలని చూస్తుంది, బార్ సొంత బరువు దాన్ని కిందకి పట్టుకుంటుంది. తూనిక లాంటిదే. హుక్స్ మధ్య 110 సెంటీమీటర్లు ఉంటే, హుక్ బార్ మధ్య నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. కాలర్‌కి ఆనిన ప్లేట్ మధ్య నుంచి సుమారు 72 దగ్గర ఉంటుంది, అంటే హుక్‌కి అవతల 17. ఇరవై కిలోల బార్‌ని 55తో గుణించి 17తో భాగించండి, 65 కిలోల దాకా ఒక్క పక్కే ఉన్నా తిరగబడదని వస్తుంది. ప్లేట్లు ఎక్కువైతే వరుస బయటికి జరుగుతుంది కాబట్టి నిజంగా యాభై అనుకోండి. అదే హుక్స్ మధ్య 80 ఉంటే? ఇరవైని 40తో గుణించి 32తో భాగిస్తే 25. అంటే ఒకే ఒక్క 25 కిలోల ప్లేట్ ఒక పక్క మిగిలితే చాలు, బార్ తిరగబడడానికి రెడీగా ఉంటుంది. తేలిక బార్ అయితే ఇంకా తక్కువకే. స్టాండ్ ఏదైనా ప్లేట్లు ఒక్కో పక్క నుంచి ఒక్కోటి మార్చి మార్చి తీయడం అలవాటు చేసుకోండి, కానీ సెట్ అయ్యాక ఒళ్లు తూలుతున్నప్పుడు మనకు లెక్కలు గుర్తుండవు, అందుకే వెడల్పాటి స్టాండ్ కొనమనేది.

సేఫ్టీ ఆర్మ్స్: అసలు బేరం ఇక్కడే

స్టాండ్ ముందు వైపు పోస్టుకి తగిలించే రెండు చేతుల్లాంటి పైపులివి. కొన్ని స్టాండ్లతో పాటే వస్తాయి, కొన్నిటికి విడిగా కొనాలి, కొన్నిటికి అసలు ఉండవు. ఉండనివాటిని చూడనే చూడొద్దు.

ఉన్నాయి అనగానే సంతోషపడిపోకుండా పొడవు అడగండి. బార్ తీసుకుని మీరు వెనక్కి ఒకటి రెండు అడుగులు వేస్తారు, అంటే పోస్టు నుంచి 30, 40 సెంటీమీటర్ల దూరంలో చేస్తారు. చేతులు 20 సెంటీమీటర్లే ఉంటే బార్ వాటి అవతల పడుతుంది, అవి అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరావు. 50 నుంచి 60 సెంటీమీటర్లు ఉండాలి.

పొడవుంటే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ పొడవాటి చేతి కొన మీద బార్ పడితే స్టాండ్ మొత్తం ముందుకి తూలదా? దీనికి సులువైన పరీక్ష ఉంది. సేఫ్టీ ఆర్మ్ కొన నుంచి నేల మీదకి తిన్నగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత పడే చోట, లేదా దాని కన్నా ముందుకి, స్టాండ్ కాలు ఉందా? ఉంటే స్టాండ్ తూలదు. కాలు ముందే ఆగిపోయి చెయ్యి గాల్లో బయటికి పొడుచుకొచ్చిందంటే అక్కడ పడిన బరువు స్టాండ్‌ని మీ మీదకి లాగుతుంది. స్టాండ్ ఫొటోని పక్క నుంచి చూస్తే ఇది తేలిగ్గా తెలిసిపోతుంది, అందుకే ముందు నుంచి తీసిన ఫొటో ఒక్కటే పెట్టారంటే నాకు అనుమానం. వెనక కాళ్లు కూడా చూడండి. సెట్ అయ్యాక మనం బార్‌ని మెల్లగా తెచ్చి పెట్టం, ముందుకి నడుస్తూ పోస్టుకి కొట్టి ఆపుతాం, ఆ దెబ్బ నడుం పైన ఎత్తులో తగులుతుంది. పోస్టు వెనక కాలు రెండు జానలు కూడా లేకపోతే స్టాండ్ వెనక్కి లేస్తుంది.

ఇప్పుడు మూడొందల కిలోల సంగతి. ఆ అంకె హుక్స్‌కా, సేఫ్టీలకా? రెండిటికీ వేరువేరుగా అడగండి. హుక్ మీద బరువు మెల్లగా పెడతాం, సేఫ్టీ మీద పడేస్తాం. వంద కిలోలు 20 సెంటీమీటర్లు పడి రెండు సెంటీమీటర్లలో ఆగాయనుకుంటే, సగటున పదకొండు వందల కిలోల బరువు నొక్కినంత బలం పడుతుంది. రెండు చేతులు పంచుకుంటే చెరి ఐదొందల యాభై. అదే మూడు సెంటీమీటర్లు పడి రెండు సెంటీమీటర్లలో ఆగితే రెండొందల యాభై మొత్తం. సేఫ్టీని బార్‌కి దగ్గరగా పెట్టమని పైన చెప్పింది ఊరికే కాదు. పవర్ ర్యాక్‌లో అయితే ఇనుప చేతుల బదులు నైలాన్ పట్టీలు కూడా దొరుకుతాయి, అవి కొంచెం సాగి దెబ్బని మింగేస్తాయి, శబ్దం తక్కువ, బార్ మీద గీతలు పడవు. పక్క గదిలో ఎవరైనా నిద్రపోతుంటే వాటి విలువ తెలుస్తుంది.

కన్నాల దూరం

పోస్టు మీద కన్నాలు ఐదు సెంటీమీటర్లకొకటి ఉంటే స్క్వాట్‌కి సరిపోతుంది. బెంచ్ దగ్గరే చిక్కు. నా అంకెలు మళ్లీ చూడండి: ఛాతీ 67, గొంతు 57. సేఫ్టీ ఈ రెండిటి మధ్య ఉండాలి, అంటే వీపు కొంచెం విల్లులా పెట్టినప్పుడు తగలకుండా, వీపు దించేస్తే బార్ గొంతు మీదకి రాకుండా. చేతిలో ఉన్నది పది సెంటీమీటర్లు. ఐదుకొకటి ఉంటే ఒకటో రెండో కన్నాలు దొరుకుతాయి, పదికొకటి ఉంటే సరిగ్గా కుదిరితే ఒకటి, కుదరకపోతే సున్నా. కొన్ని స్టాండ్లలో బెంచ్ చేసే ఎత్తు దగ్గర మాత్రం రెండున్నర సెంటీమీటర్లకొకటి కొడతారు. బెంచ్ చేసేవాళ్లకి దానికోసం ఇంకొంచెం ఖర్చు పెట్టినా తప్పులేదు. లేకపోతే బెంచ్ కాళ్ల కింద రబ్బరు మ్యాట్ పరిచి ఎత్తు సర్దుకోవచ్చు, నేను చేసింది అదే.

కన్నం సైజు కూడా చూసుకోండి. 16 మిల్లీమీటర్లవీ, 25 మిల్లీమీటర్లవీ ఎక్కువగా ఉంటాయి. తర్వాత ఇంకేమైనా తగిలించుకోవాలంటే పైపు సైజు, కన్నం సైజు రెండూ కలవాలి.

పైపు మందం, గేజ్ గందరగోళం

గేజ్ అంటే రేకు మందాన్ని చెప్పే అంకె. ఆ అంకె పెరిగితే రేకు పల్చబడుతుంది, గుర్తుపెట్టుకోండి. 14 గేజ్ అంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు, 11 గేజ్ అంటే మూడు. అందుకే గేజ్ వదిలేసి మిల్లీమీటర్లలో ఎంత అని అడగడమే మంచిది.

మందం ఒక్కటే చూస్తే మోసపోతారు. 50 మిల్లీమీటర్ల చదరపు పైపు మూడు మిల్లీమీటర్ల మందంతోనూ, 75 మిల్లీమీటర్ల పైపు రెండు మిల్లీమీటర్ల మందంతోనూ దాదాపు ఒకే బరువుంటాయి, మీటరుకి నాలుగున్నర కిలోలు. వంగకుండా నిలబడడంలో మాత్రం రెండోది సుమారు రెండున్నర రెట్లు గట్టిది. ఇనుము నడి మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే అంత బిగుతు. ఊగని స్టాండ్ కావాలంటే లావు పైపు చూడండి. అయితే పల్చటి రేకులో కన్నాల అంచులు త్వరగా అరుగుతాయి, కాబట్టి రెండు మిల్లీమీటర్ల కన్నా కిందకి దిగొద్దు. 75 పైపు, మూడు మిల్లీమీటర్ల మందం దొరికితే ఇంట్లో వాడేవాళ్లకి ఇక ఆలోచించాల్సింది లేదు.

హుక్స్‌లో చూడాల్సింది రెండే. లోపల ప్లాస్టిక్ పొర ఉందా? లేకపోతే ఇనుముకి ఇనుము రాసుకుని బార్ మీది గరుకు గీతలు అరిగిపోతాయి. ముందు పెదవి మూడు నాలుగు సెంటీమీటర్లు ఉందా? మరీ పొట్టిదైతే బార్ జారిపోతుంది, మరీ పొడవైతే ప్రతిసారీ బార్‌ని అంత ఎత్తి దాటించాలి. చేత్తో పట్టుకుని ఊపి చూడండి, కొంచెం కదలడం మామూలే, పక్కలకి తిరిగిపోతుంటే వద్దు.

వాడినది కొనడం, చేయించుకోవడం

వాడిన స్టాండ్ అనగానే వెనకాడక్కర్లేదు, ఇనుముకి వయసు పెద్దగా పట్టదు. కన్నాలు గుండ్రంగానే ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా చూడండి. వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు వెంట్రుకలా చీలి ఉంటే కింద పగులు ఉండొచ్చు. పోస్టు అడుగు భాగంలో చెమ్మ చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది, తాళంచెవితో కొట్టి శబ్దం వినండి, పైన ఖంగుమని కింద మందంగా వినిపిస్తే అనుమానించండి. రెండు సేఫ్టీ ఆర్మ్స్ మీద ఒకే కర్ర అడ్డంగా పెడితే అది ఊగకుండా రెండిటి మీదా కూర్చోవాలి.

వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర చేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. చేయించుకోవచ్చు, కానీ రెండు పోస్టులనీ పక్కపక్కన బిగించి ఒకేసారి డ్రిల్ చేయమనండి. విడివిడిగా కొలిచి కొడితే రెండు మిల్లీమీటర్లు ఇక్కడా రెండు అక్కడా తేడా వచ్చి పైకి పోయేసరికి బార్ ఒక పక్కకి వాలుతుంది. కన్నాలు గ్యాస్‌తో కాల్చి తీస్తామంటే మర్యాదగా వచ్చేయండి. ఊచలూ, మామూలు నీళ్ల పైపులతో చేసినవి వద్దే వద్దు.

ఇంటికొచ్చాక

బోల్టులన్నీ ముందు వదులుగా తగిలించండి, ఒక్కటి కూడా పూర్తిగా బిగించొద్దు. అన్నీ కూర్చున్నాక నేల మీద నిలబెట్టి, హుక్స్ మీద ఖాళీ బార్ పెట్టి, దాని మీద రసమట్టం పెట్టి చూడండి. చాలా గదుల్లో నీళ్లు పోవడానికి నేల ఒక పక్కకి వాలుగా ఉంటుంది, మనకి కంటికి కనపడదు, రసమట్టంలో బుడగ మాత్రం పక్కకి పోతుంది. స్టాండ్‌ని ఇంకో దిక్కుకి తిప్పితే సరిపోవచ్చు, లేకపోతే కాలి కింద గట్టి రబ్బరు ముక్క పెట్టండి, అట్టముక్కలు మడిచి పెట్టొద్దు. అప్పుడు బోల్టులు బిగించండి. కాళ్లలో నేలకి బిగించే కన్నాలుంటే, బిగించే వీలుంటే, బిగించేయండి. వీలు లేకపోతే ఆ స్టాండ్‌కి వేలాడి ఊగుతూ పుల్-అప్స్ చేయొద్దు.

ఇక పడేయడం ప్రాక్టీస్ చేయండి. నవ్వకండి, నిజంగానే. ఖాళీ బార్‌తో కిందకి వెళ్లి, ఇంక లేవలేను అన్నట్టు ఇంకొంచెం కూర్చుని బార్‌ని సేఫ్టీల మీద వదిలి ముందుకి పాక్కుంటూ బయటికి రండి. రెండుసార్లు చేశాక నలభై కిలోలతో చేయండి. ఇది ఒకసారి చేసినవాళ్లకి బరువు పెరిగినప్పుడు టెన్షన్ ఉండదు, ఏం చేయాలో ఒంటికే తెలుస్తుంది. చేయనివాళ్లు ఆ క్షణంలో బార్‌ని వీపు మీదే పట్టుకుని ముందుకి వంగి నడుం పట్టేసుకుంటారు.

బార్‌ని తిరిగి పెట్టేటప్పుడు హుక్స్ వైపు చూడకండి. బార్ రెండు పోస్టులకీ తగిలేదాకా ముందుకి నడవండి, రెండు పక్కలా టక్ టక్ అని వినపడ్డాకే మోకాళ్లు వంచండి. నాకు అప్పుడు వినపడింది ఒక్కటే, నేను రెండోదానికి ఆగలేదు. ప్లేట్లు జారకుండా పట్టుకునే క్లిప్పులు పెట్టండి, సేఫ్టీలు ఉన్నంత వరకూ. ఎక్కడైనా సేఫ్టీ లేని బెంచ్ మీద ఒంటరిగా చేయాల్సి వస్తే మాత్రం క్లిప్పులు తీసేయండి, ఇరుక్కుంటే బార్‌ని ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేయొచ్చు.

వారం తర్వాత బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి, కొత్తలో తప్పకుండా వదులవుతాయి. ఆ రోజే తెల్ల పెయింట్ ఒక చుక్క తీసుకుని మీ స్క్వాట్ హుక్ కన్నం పక్కన, సేఫ్టీ కన్నం పక్కన, బెంచ్ వాటి పక్కన చుక్కలు పెట్టేసుకోండి, రెండు పోస్టులకీ. ఒక పక్క తొమ్మిదో కన్నంలో, రెండో పక్క పదో కన్నంలో హుక్ పెట్టేసి బార్ ఎందుకు వాలుతోందా అని చూస్తూ నిలబడిన పొద్దులు నాకు రెండు మూడు ఉన్నాయి.